ఎర్ర బల్బు

ఉప్పల్‌కు చెందిన నలుగురు కలిసి ఒక రాక్ బ్యాండ్ పెట్టారు. నాచారంలో ఫ్యాక్టరీల వెనక గల్లీలో ఒక రేకుల షెడ్డు తీసుకుని దాన్నే స్టూడియోగా మార్చుకున్నారు.

మొదటి ఆల్బమ్ పేరు 'మా గల్లీ మనుషులు'. పది పాటలు.

ఆ గల్లీలో ఒక్క మనిషి పేరు కూడా వాళ్లకు తెలియదు. అది వేరే సంగతి.

మొదటి రోజే ఎదురు షెడ్డులో రేకులు నొక్కే ప్రెస్ మిషన్ చప్పుడు ప్రతి టేకులోనూ పడింది. పాడి పాడి గొంతు పోయిన హరిత బయటికొచ్చి, గల్లీలోనే కూర్చుని ఏడ్చింది.

గిటార్ వాయించే తేజేష్ గోడలకు ఇంకో వరస ఫోమ్ షీట్లు కొట్టించాడు.

మర్నాటి నుంచి రికార్డింగులో చప్పుడు లేదు. తన తెలివికి తానే మురిసిపోయాడు తేజేష్.

ఫోమ్‌తో పాటే స్టూడియో తలుపు పైన ఎర్ర బల్బు కూడా పెట్టారు. అది వెలిగితే లోపల పాట నడుస్తోందని, ఎవరూ రాకూడదని.

ఇక మిగిలిన చికాకల్లా ఎదురు షెడ్డులో ప్రెస్ ముందు కూర్చునే ముసలాయన. ఎప్పుడు తలుపు తీసినా ఇటే చూస్తుంటాడు.

తన వంకే చూస్తున్నాడని, భయంగా ఉందని హరిత చెప్పింది.

తేజేష్ వెళ్లి అడిగాడు. "ఏం చూస్తున్నావు పెద్దాయనా?"

ముసలాయన పలకలేదు. గట్టిగా అడిగితే, హరిత నిలబడ్డ తలుపు వైపే వేలు చూపించి నవ్వాడు.

తేజేష్‌కు ఒళ్లు మండింది. ఆ ఎదురు షెడ్డు సేటుతో గొడవ పెట్టుకున్నాడు. పోలీసుల పేరు కూడా ఎత్తాడు. ఎందుకొచ్చిన తంటా అని సేటు షట్టర్ సగానికి దించేయించాడు.

మర్నాడు తొమ్మిదో పాట మొదలవగానే బయట ఎవరిదో కేక. అది రికార్డింగులో పడింది. గల్లీలో గొడవలు మామూలే కదా అనుకుని, తేజేష్ ఆ ముక్క కత్తిరించేశాడు.

సాయంత్రానికి ఎదురు షట్టర్ పూర్తిగా మూసి ఉంది. పీడ విరగడైందనుకున్నారు.

వారం తర్వాత ఆఖరి పాటకు కూర్చున్నారు. షెడ్డు ఖాళీ చెయ్యడానికి రెండే రోజుల గడువు. ఆ పాట లేకపోతే రెండేళ్ల కష్టానికి అర్థం లేదు.

ఎర్ర బల్బు వెలిగింది. హరిత పల్లవి అందుకుంది.

దడ్. దడ్. దడ్.

పదకొండు టేకులు తీశారు. పదకొండింటిలోనూ అదే చప్పుడు.

తేజేష్ ఎదురు షెడ్డుకు పరుగెత్తాడు. ప్రెస్ మీద ఎవరో కొత్తవాడున్నాడు. ఇన్నాళ్లు లేని చప్పుడు ఇప్పుడెందుకొస్తోందని, రేకు ముక్కలు ఏరుతున్న కౌసల్యమ్మ అనే పనామెను నిలదీశాడు.

"మీ లైటు ఎలిగినప్పుడల్లా మా మొగిలయ్య మిషిన్ బంద్ జేస్తుండె. ఆరినంక మళ్ల నడిపిస్తుండె. దానికి సేటుతోని రోజూ తిట్లు తిన్నడు."

ఆ మొదటి రోజు హరిత ఏడవడం మొగిలయ్య చూశాడట. ఎందుకని అడిగితే, మిషన్ చప్పుడు వల్లేనని కౌసల్యమ్మే సైగ చేసి చెప్పిందట.

 ఆయన ఎక్కడున్నాడని తేజేష్ అడిగాడు.

"షట్టర్ దించినంక లైటు కనవడకపాయె. వంగి సూడవోయిండు. చెయ్యి ప్రెస్ కిందికి పోయింది. దవాఖానాల రెండు దినాలుండి సచ్చిపోయిండు."

తాను కత్తిరించేసిన కేక ఎవరిదో తేజేష్‌కు అప్పుడు తెలిసింది. వెనకే వచ్చిన హరిత అంతా వింది. ఏడుస్తూ అడిగింది.

"మా పాటలంటే అంత ఇష్టమా ఆయనకు?"

కౌసల్యమ్మ ఏరిన ముక్కలు గంపలో వేసింది.

"పాటలెక్కడియి బిడ్డా, ఈ మిషిన్ కాడ కూసొని కూసొని ఆయనకు చెవులు పోయి ఇరవై ఏండ్లాయె."