ఆగిన కాడికెల్లా, కొత్తగనా

యాదగిరిగుట్ట కింద కంప్యూటర్ జాతకాల దుకాణం. పాత విండోస్ తీసి విండోస్ తొంభై ఐదు ఎక్కిస్తుంటే సగంలో కరెంటు పోయింది. ఇప్పుడు వచ్చింది గానీ, మెషిన్ లేవడం లేదు.

"మంచి గడియ చూసే షురూ చేసిన ఖుద్దూస్ భాయ్," అన్నాడు జాతకాలు చెప్పే శేషాచారి.

"కరెంటు పోయేది గడియల కనవడలేదా అయ్యగారూ?" అన్నాడు మెకానిక్ ఖుద్దూస్, తల ఎత్తకుండానే.

శేషాచారికి ఒళ్లు మండింది. జాతకం చూసి మరీ, అతన్ని మాత్రం అడగకుండా తండ్రి కూర్చోబెట్టిన కుర్చీ అది. ఎదురుగా బెంచీ మీద యాదలక్ష్మి. మొగుణ్ణి వదిలి తల్లిగారింటికి వచ్చేసింది. తిరిగి పోవాలో వద్దో కంప్యూటర్‌లో చూపించుకుందామని పొద్దుటి నుంచీ కూర్చుంది.

తెర వెలిగింది. ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి.

"ఏమంటాంది భాయ్?" యాదలక్ష్మి లేచి వచ్చింది.

"పోయినసారి నడుమల ఆగిపోయిందట. ఆగిన కాడికెల్లి నడిపియ్యాల్నా, మళ్ల మొదటికెల్లి కొత్తగ షురూ చెయ్యాల్నా అని అడుగుతాంది."

యాదలక్ష్మి తెరనే చూస్తూ నిలబడింది.

"కొత్తగనే," అంది.

"అది మెషిన్ ముచ్చటమ్మా, నీది గాదు," శేషాచారి కంగారుపడ్డాడు. "నీ జాతకం ఇంక ఎక్కియ్యనే లేదు."

"మస్తు మందికి చూపిచ్చిన అయ్యగారూ. అందరు ఏమైతదో చెప్పిండ్రు. నాకేం గావాల్నో అడిగింది గిదొక్కటే."

తెరకు దండం పెట్టి మెట్లు దిగిపోయింది.

ఖుద్దూస్ నవ్వుకుంటూ మీట నొక్కబోయాడు. శేషాచారి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"జర ఆగు భాయ్. నన్ను గూడ అడగనియ్యి."