మొరాయించిన ట్రక్కు

తాళం తిప్పగానే ట్రక్కు ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది.

"చచ్చింది! ఇవాళ కూడా చచ్చింది!" హరనాథ్ బానెట్ మీద ఒక్క గుద్దు గుద్దాడు. చెయ్యి నొప్పెట్టేసరికి కోపం ఇంకా పెరిగింది.

ఎనభై రెండు జనవరి. అమెరికాలో ఈ షామ్‌బర్గ్ చలికి డీజిల్ ఇంజన్ ఊరికే లేవదు. రాత్రంతా దానికి కరెంటు హీటరు పెట్టి ఉంచాలి. హీటరు వైరు వెనక గోడకున్న ప్లగ్గులోనే ఉంది. ఇంజన్ మాత్రం మంచుగడ్డే. ఆ ప్లగ్గుకి స్విచ్ ఇంట్లో, వెనక తలుపు పక్కన ఉంటుంది. రోజూ సాయంత్రం హరనాథే వేస్తాడు. మొన్నటిదాకా బుద్ధిగా లేచిన ట్రక్కు ఈ వారమే మొరాయిస్తోంది.

విసవిసా లోపలికి వెళ్ళి చూశాడు. స్విచ్ ఆపేసి ఉంది!

"శ్యామ్‌సుందర్! లే!"

తలుపు దగ్గరి సోఫాలో ముసుగుతన్నిన బావమరిది ఉలిక్కిపడి లేచాడు. ఇక్కడ చదువుకుంటూ, అక్క నళినికి ఈ సంబంధం కుదిర్చింది అతనే.

"స్విచ్ ఎందుకు ఆపావు?"

"నేనా? దాని జోలికే పోలేదు బావా!"

"హీటరు కరెంటంతా తాగేస్తోందని మొన్న ఏడ్చిందెవడు?"

"ఏదో జోక్ చేశాను..."

"నీ జోకు తగలెయ్య!"

కేకలకి నళిని లేచొచ్చింది. తెనాలి నుంచి వచ్చి ఇంకా వారమే. రెండు స్వెట్టర్లలో వణుకుతూ గోడ తడిమి, "ఈ ఊరి స్విచ్‌లు ఇంకా చేతికి రాలేదు" అని గొణుక్కుంటూ రెండో ప్రయత్నంలో లైటు వెలిగించింది.

"నిజం చెప్పు శ్యామ్. రాత్రి నేను పడుకోబోయే ముందు కూడా అది ఆపేసే ఉంది. ఆయన ఓసారి చూడమన్నారని చూసి, నేనే మళ్ళీ వేశాను."

"అక్కా, నువ్వు కూడానా?"

"విన్నావా?" హరనాథ్ గొంతు చించుకున్నాడు. "తను వేశాక కూడా లేచి ఆపావన్నమాట!"

ఫోన్ మోగింది. పాల డిపో మేనేజరు. రేపు కూడా లోడు ఆలస్యమైతే ఇంక రానక్కర్లేదన్నాడు. ఇంజనీరు ఉద్యోగం ఊడాక కొన్న ట్రక్కు అది. ఇదీ పోతే ఇంకో దారి లేదు.

హరనాథ్ ఫోన్ పెట్టేసి, శ్యామ్ సూట్‌కేసు తెచ్చి గుమ్మం బయటికి విసిరాడు. "నా ఇంట్లో ఉంటూ నా పొట్టే కొడతావా? పో!"

శ్యామ్ అక్క వైపు చూశాడు. నళిని మొహం తిప్పేసుకుంది. తోడబుట్టినవాడే ఇంత పని చేశాడని ఆమె కోపం. అతను మంచులో సూట్‌కేసు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

సాయంత్రం హరనాథ్ వైరు తగిలించి, స్విచ్ టక్కున పైకి వేశాడు. కాసేపాగి ఇంజన్ మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలింది.

"ఇంక ఆపేవాడు లేడు. రేపు ఎలా లేవదో చూస్తా" అని, చాలా రోజుల తరవాత గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోయాడు.

నళిని పడుకోబోతూ వెనక తలుపు దగ్గరికి వెళ్ళింది. స్విచ్‌ని చూడగానే ఒళ్ళు మండిపోయింది.

"ఛీ! వాడు ఆపేసి పోయాడు, ఈయనేమో వెయ్యడమే మర్చిపోయారు!"

తెనాలిలో వేసినట్టే దాన్ని కిందికి వేసింది.