ఆయన ఇంట్లో లేరు

బెల్లు మీద వేలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు వసూళ్లాయన. ఉద్యోగంలో చేరి ఇంకా నెల తిరగలేదు. చేతిలో ఫోను. ఫోనులో సూపర్‌వైజరు. కొత్తవాళ్లు బాకీ ఎలా అడుగుతున్నారో ఆయన మొదటి నుంచి చివరి దాకా వింటాడు.

“కొట్టావా బెల్లు?”

“కొడుతున్నా సార్.”

“ఇది చివరి గుమ్మం కొత్తబ్బాయ్. ఇక్కడా సున్నా అయితే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు.”

బెల్లు కొట్టక తప్పలేదు.

తలుపు తీసిన ఆమె చేతిలో తడి బట్టల బకెట్టు. నోరు తెరవబోయింది. వసూళ్లాయన గబుక్కున ఫోను ఎత్తి చూపించాడు.

“నమస్కారం అమ్మా. బ్యాంకు తరఫున వచ్చాను. మా సారు ఫోన్లో వింటున్నారు. ఓవర్‌డ్రాఫ్టు, క్రెడిట్ కార్డు, రెండు బాకీలూ...”

ఆమె అతన్ని పైనుంచి కింది దాకా చూసింది. బకెట్టు కింద పెట్టింది.

“ఆయన ఇంట్లో లేరండీ.”

“అది తెలుస్తూనే ఉందమ్మా.”

“ఎలా తెలిసిందయ్యా నీకు?” ఫోను గర్జించింది. “అందరూ అదే మాటంటారు. మంచం కింద చూడు!”

“లేడు సార్. నాదీ పూచీ.”

లోపల్నుంచి ఒక పాప పరుగెత్తుకొచ్చి, వసూళ్లాయన్ని చూసి నోరు తెరిచింది. ఆమె చటుక్కున పాప నోటికి చెయ్యి అడ్డం పెట్టి, లోపలికి తోసింది.

ఆ వసూళ్ల కంపెనీలో బాకీదారు పేరు ఫోన్లో పలకరు. పరువు తియ్యడానికి మనిషిని గుమ్మం దాకా పంపిస్తారు గాని, పేరు మాత్రం గుట్టు. ఫైలు నంబరే పేరు.

“ఏమ్మా, అసలు ఇంత బాకీ ఎలా అయింది?” అంది ఫోను.

అడిగిందే తడవు. ఆమె కొంగు బిగించింది.

“ఏం చెప్పమంటారు సార్! ఖాతాలో సున్నా అడుగున కూడా డబ్బుంటుందని మా ఆయనకి ఎవరు చెప్పారో గాని, నుయ్యి తవ్వినట్టు తవ్వాడు. ఓవర్‌డ్రాఫ్టు తీర్చడానికి కార్డు గీకాడు. కార్డు తీర్చడానికి ఓవర్‌డ్రాఫ్టు తోడాడు. ఈ చెంబులో నీళ్లు ఆ చెంబులో పోసి, రెండు చెంబులూ నిండాయని సంబరం!”

“మరీ అంత తీసిపారెయ్యకండమ్మా,” అన్నాడు వసూళ్లాయన. “పాపం, మంచి మనిషే అయ్యుంటాడు.”

“మీరేమన్నా కాపురం చేశారా ఆయనతో?”

“లేదు లేదు. ఊరికే అన్నా.”

“గోడకి పట్టనంత టీవీ తెచ్చాడు. తలుపు తీస్తే దానికి కొట్టుకుంటుంది. అందులో వార్తలు చదివే ఆవిడ తల మా పాప కంటే పెద్దది. దడుచుకుని అన్నం తినడం మానేసింది పిల్ల. ఆ పైన పొట్ట తగ్గాలని నడిచే మిషనొకటి. దాని మీద నడిచింది మా తడి బట్టలే.”

వసూళ్లాయన తనకు తెలియకుండానే పొట్ట లోపలికి పీల్చాడు.

“వట్టి దద్దమ్మలా ఉన్నాడే!” అంది ఫోను.

“అయ్యో, మీ నోట్లో చక్కెర పొయ్య! నేను అనలేక ఊరుకున్నా సార్.”

“నువ్వేమంటావ్ కొత్తబ్బాయ్? దద్దమ్మేనా?”

“కొంచెం... ఉండొచ్చు సార్.”

“గట్టిగా చెప్పు!”

“దద్దమ్మే సార్!”

ఆమె మొహం తిప్పుకుంది. భుజాలు ఊగుతున్నాయి. ఏడుపో నవ్వో, వెనకనుంచి చూస్తే తెలియదు.

“సరే, సోది చాలు,” అంది ఫోను. “కడతారా, కట్టరా? ఈ గుమ్మంలోనూ ఒట్టి చేతులేనా అబ్బాయ్? అయితే నీ గుర్తింపు కార్డు రేపు పొద్దున్న నా బల్ల మీద పెట్టెయ్.”

ఆమె ఊగడం ఆగిపోయింది. ఇటు తిరిగింది. నవ్వు లేదు.

“ఆ పని చెయ్యకండి సార్. ఈ మనిషికీ ఇల్లుంటుంది, పిల్లలుంటారు. మా మాట వినండి. టీవీ అమ్మేస్తాం, మిషను అమ్మేస్తాం. ఆ డబ్బుతో ముందు ఓవర్‌డ్రాఫ్టు మూసేస్తాం. కార్డు ఇవాళే కత్తెరేస్తా. దాని బాకీ నెలనెలా తప్పకుండా కడతాం. వడ్డీ మీది వడ్డీ మాత్రం మీరు వదులుకోవాలి.”

ఫోనులో కాలిక్యులేటరు మీటలు టకటకలాడాయి.

“వదులుతాం అమ్మా. కానీ మీ ఆయన ఒప్పుకోవాలిగా?”

ఆమె వసూళ్లాయన కళ్లలోకి సూటిగా చూసింది. “మీరు చెప్పండి. ఒప్పుకుంటాడంటారా?”

“టీవీ కూడానా అమ్మా? చూస్తూ చూస్తూ...”

“నీకెందుకయ్యా నొప్పి?” అరిచింది ఫోను.

“ఒప్పుకుంటాడు సార్.”

“కార్డు మళ్లీ గీకడుగా?” అంది ఆమె.

“గీకడమ్మా.”

“ఒట్టు?”

“ఒట్టు.”

“శభాష్!” ఫోను పొంగిపోయింది. “వసూలంటే ఇదీ! మొగుడు ఎదురుగా లేకపోయినా పెళ్లాన్ని ఒప్పించావ్. రేపు తొమ్మిదికల్లా వచ్చెయ్, నీ ఉద్యోగం ఖాయం.”

ఫోను కట్టయింది.

వసూళ్లాయన బూట్లు విప్పి గుమ్మం పక్కన పెట్టి, “కాసిని మంచినీళ్లియ్యవే, మీ ఆయనొచ్చాడు,” అన్నాడు.