నారు పుచ్చుకునే మర్యాద

“థ్యాం...” అనేలోపే తయా పిన్ని నా నోరు మూసేసింది.

మా చలి ఊళ్ళో ఏప్రిల్ ఎండను నమ్మి నా టమాటా నారంతా బాల్కనీలో పెడితే, ఒక్క రాత్రి మంచుకే కమిలిపోయింది. సంగతి తెలిసి, పై అంతస్తులో ఉండే పిన్ని తన కిటికీలో పెంచుకున్న నారు తెచ్చి నా చేతిలో పెట్టింది.

“నారు తీసుకుని థ్యాంక్స్ చెప్తే ఒక్క మొక్కా బతకదు. ఈ పెర్మ్ ఊళ్ళో పుట్టి ఇదీ తెలీదా?”

“మరేమనాలి?”

“ఏమీ అనకూడదు. మూతి ముడుచుకుని తీసుకోవాలి.”

నేను గతుక్కుమన్నాను. పోయినేడు నేను పెంచిన బుట్టమిరప నారు ఇస్తే మా అత్తగారు అచ్చం అలాగే తీసుకెళ్ళారు. ‘ఎంత పొగరు!’ అనుకుని, అప్పట్నుంచీ ఫోన్ కూడా చెయ్యలేదు.

“పిన్నీ, ఇవి కాస్త పట్టుకో.”

అత్తగారికి ఫోన్ చేశాను. ఒక్క రింగుకే ఎత్తారు.

“అత్తయ్యా, పోయినేడు నేనిచ్చిన మిరప మొక్కలు... కాశాయా?”

“ఇన్నాళ్ళకి అడిగావా తల్లీ! విరగకాశాయి. నీ కోసం ఆరు సీసాలు ఊరగాయ పెట్టి దాచాను. మీ ఆయన అడిగినా ఇవ్వలేదు. నువ్వొచ్చి తీసుకెళ్ళు!”

ఆ గొంతు గదంతా వినిపించింది. నేను “థ్యాం...” అనబోయి, భయంగా పిన్ని వంక చూశాను.

“ఊరగాయకి చెప్పొచ్చులేవే,” అంది పిన్ని.