శ్రద్ధాంజలి ఫైల్

"అన్నీ పోయినా పర్లేదు బాబూ. ఈ ఒక్క ఫైల్ మాత్రం పోకూడదు."

పొద్దుట్నుంచి సత్యవేణిది ఇదే పాట. కంప్యూటర్‌కి కొత్త విండోస్ వేయడానికి వచ్చిన తిరుమల్‌కి ఓపిక నశిస్తోంది.

లాలాగూడ రైల్వే వర్క్‌షాప్ దగ్గర ఫ్లెక్సీలు, కార్డులు వేసే చిన్న దుకాణమది. సత్యవేణి అందులో డీటీపీ ఆపరేటర్. రెండేళ్ల కిందట తుకారాం ఆ దుకాణం కొన్నప్పుడు పాత కంప్యూటర్‌తో పాటు ఈవిడా వచ్చింది. పెళ్లికార్డు ఎలా చెబితే అలా చేస్తుంది. శ్రద్ధాంజలి ఫ్లెక్సీ దగ్గర మాత్రం ఉడుంపట్టు. ఎవరు పోయినా అదే ఫైల్ తెరుస్తుంది. పేరు, ఫోటో, తేదీలు మార్చి ప్రింటుకి పంపుతుంది. తర్వాత సేవ్ చేయకుండా మూసేస్తుంది. ఇంకొకర్ని దాని జోలికి రానివ్వదు.

"ఆ ఫైల్‌తోని నా ఇజ్జత్ పోయింది తిరుమల్," అన్నాడు తుకారాం. "పోయినేడు ఎనభై ఏండ్ల ముసలాయన పోతే, 'నిండు జీవితం ముందుండగానే' అని పాత లైన్ అట్లనే ఉంచింది. బస్తీ మొత్తం నవ్వింది. నెట్‌ల మస్తు డిజైన్లు దొరుకుతయ్. చెప్తే వినదు."

సత్యవేణి తల దించుకుంది. "ఆ రోజు ఆ లైను చెరపలేకపోయాను సార్. తప్పు నాదే."

తిరుమల్‌కి జాలేసింది. "ఇది పాత సాఫ్ట్‌వేర్ ఆంటీ. కొత్త విండోస్‌ల నడుస్తదో లేదో గ్యారంటీ ఇయ్యలేను. ఫోటో లెక్క తీసి పెడతా. ఎప్పుడన్నా చూసుకోవచ్చు."

"చూసుకోడానికి ఒక్కటే కాదు బాబూ. మార్చడానికి వీలుండాలి. మళ్లీ తెరిస్తే మొదట్లాగే ఉండాలి."

"అయితే పేరు, ఫోటో తీసేసి ఖాళీది ఒకటి చేసుకోండి. పని సుత అల్కగైతది."

"ఖాళీది వద్దు!"

ఆ అరుపుకి ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. ఆమె వెంటనే గొంతు తగ్గించింది. "వద్దు బాబూ. నీకు దణ్ణం పెడతాను."

ఈవిడకి చాదస్తం ముదిరిందనుకున్నాడు తుకారాం. తిరుమల్ ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి పని షురూ చేశాడు.

స్క్రీన్ మీద ఎంత శాతం అయిందో చూపే అంకె నత్తనడకన పెరుగుతోంది. ఈలోగా ఒకతను వచ్చాడు. తండ్రి పోయాడట, ఫ్లెక్సీ కావాలట. ఫోన్‌లో తండ్రి ఫోటో తెరిచి పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. సత్యవేణి టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు.

ఎట్టకేలకు కంప్యూటర్ తెరుచుకుంది. తిరుమల్ ఫైల్ తెరిచాడు.

పేరు ఉండాల్సిన చోట పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు, కామాలు. ఫోటో ఉండాల్సిన చోట బూడిదరంగు గడి.

"అయ్యో! పోయిందా?" సత్యవేణి స్క్రీన్ మీదికి వంగింది.

"పరేషాన్ కాకండి ఆంటీ. పాత ఫాంట్లు ఎక్కించాలె, అంతే. ఫోటోల ఫోల్డర్ సుత పెన్‌డ్రైవ్‌లనే ఉన్నది."

తిరుమల్ కుస్తీ పడుతుంటే ఆమె అతని కుర్చీ వెనకే నిలబడింది. తుకారాం కూర్చోమన్నా కూర్చోలేదు.

"హమ్మయ్య! వచ్చింది, చూసుకోండి." తిరుమల్ లేచి, తుకారాంతో కలిసి చాయ్ తాగడానికి బయటికి నడిచాడు.

సత్యవేణి కూర్చుంది. తెలుగు అక్షరాలు నిక్షేపంగా ఉన్నాయి. ఫోటో కూడా ఉంది. ఆమె దాన్నే చూస్తూ ఉండిపోయింది.

"అమ్మా, జెర జల్దీ కావాలె. రేపే దినాలు," అన్నాడు స్టూలు మీద అతను. "మా బాపు పేరు రాసుకుంటవా?"

"చెప్పు నాయనా," అంది.

మౌస్ పట్టుకుని, ఎప్పట్లాగే ముందు తన కొడుకు పేరు చెరిపింది.