ఏడు నిమిషాల పావురం

"ఒరేయ్ వెర్న్, నీ గడియారం ఇటు తే!" అని క్లారీ బల్ల గుద్దిన దెబ్బకి మా బ్రోకెన్ హిల్ ఊళ్లో ఉన్న పావురాలన్నీ ఒక్కసారి ఎగిరి కూర్చున్నాయి.

"ఎందుకురా? నా పావురం గెలిచింది, అంతేగా," అన్నాడు వెర్న్.

"పక్కింట్లో ఉన్న నా పావురం కంటే ఐదు నిమిషాలు ముందా? తోకకి మోటారు కట్టావా? మోసమని తేలితే క్లబ్బులోంచి గెంటేస్తాం!"

మా క్లబ్బు పందెంలో పావురాల్ని దూరం నుంచి వదిలిన టైము క్లబ్బు కంప్యూటర్ రాసుకుంటుంది. అవి ఇల్లు చేరిన టైము ఎవరి గడియారం వాళ్లకి చెబుతుంది. అందుకే ముందురోజే అందరం ఆ కంప్యూటర్ చూసి గడియారాలు కలుపుకుంటాం. వెర్న్ కొన్న కొత్తది మాత్రం ఇంటర్నెట్ నుంచి టైము తనే తెచ్చుకుంటుంది.

"అదే దొంగది!" అన్నాడు క్లారీ.

సెక్రటరీ గ్లెనిస్ తన ఫోను తీసి వెర్న్ గడియారం, క్లబ్బు కంప్యూటర్ రెండింటి పక్కనా పెట్టి చూసింది.

"వెర్న్‌ది సరిగ్గానే ఉంది. మన కంప్యూటరే ఏడు నిమిషాలు ముందుంది. దీనికీ ఇంటర్నెట్టే కదా టైము ఇవ్వాలి?" అంటూ బల్ల కిందికి వంగింది. "ఈ వైరు ఎవరు పీకారు?"

క్లారీ గొంతు తగ్గింది. "నేనే, ఆర్నెల్ల కిందట. వెర్న్ బయట్నుంచి టైము మార్చేస్తాడేమోనని."

వెర్న్ వేళ్ల మీద లెక్కేసి పకపకా నవ్వాడు. "అయితే వదిలిన టైము ఏడు నిమిషాలు ఎక్కువ పడింది. మీ గడియారాలూ అంతే ముందున్నాయి కాబట్టి మీకు తేడా లేదు, నా పావురానికే ఆ ఏడూ కలపాలి. గెలిచింది నువ్వేరా. తీసుకో కప్పు."

"ఇంత తేలిగ్గా ఇచ్చేస్తున్నావేంట్రా?" అన్నాడు క్లారీ, కళ్లు చిన్నవి చేసి.

మళ్లీ అదే అనుమానం తన చెవికే వినబడి నాలిక్కరుచుకున్నాడు. కప్పు వెర్న్ ముందుకి నెట్టి, వైరు తగిలించడానికి తనే బల్ల కిందికి దూరాడు.