నాలుగో చావు

"అత్త చావడానికి వీల్లేదు," అన్నాడు నిర్మాత, కాగితాలు బల్ల మీద పడేసి.

రచయిత్రి వాటిని తీసి, అంచులు సరిచేసి, మళ్ళీ ఆయన ముందే పెట్టింది. పదకొండు వందల భాగాలుగా నడుస్తున్న ఆ టీవీ సీరియల్లో అత్త ఇప్పటికి మూడుసార్లు చనిపోయింది. ఒకసారి లోయలో పడి, ఒకసారి మంటల్లో చిక్కుకుని, ఇంకోసారి విషం తాగి. మూడుసార్లూ రెండు వారాలు తిరక్కుండానే తలుపు తోసుకుని వచ్చేసింది. ఆ చావులు మూడూ రాసింది రచయిత్రే. నాలుగోది మాత్రం అలా రాయలేదు. ఇందులో లోయ లేదు, ఉరుము లేదు. ఒక ఉదయం అత్త కోడలికి జడ అల్లుతూ, కాస్త నడుం వాల్చి వస్తానని సగంలో లేచి గదిలోకి వెళ్తుంది. మళ్ళీ లేవదు. కోడలు ఆ సగం జడతోనే రోజంతా ఇంట్లో తిరుగుతుంది. అంతే.

"సంగీతం వద్దన్నారు, ఏడుపులు వద్దన్నారు. జనం టీవీ పాడైందనుకుంటారు. అసలిది మీకు ఎక్కడ తట్టింది?" అని అడిగాడు నిర్మాత.

ఏదో ఒక అబద్ధం ఆడేస్తే గొడవ ఉండేది కాదు. ఆమె నిజం చెప్పింది.

రెండు నెలల కిందట అక్క కూతురు ఒక జపాన్ వీడియో గేమ్ తెచ్చి చేతిలో పెట్టి, "పిన్నీ, నీ పదకొండు వందల భాగాల్లో లేని కథ ఇందులో ఉంది, ఏమీ అనుకోకు" అంది. రచయిత్రికి ఒళ్ళు మండింది. తప్పులు పట్టడానికే ఆడటం మొదలుపెట్టింది. ఆ ఆటలో పడవ నడిపే ఒక ముసలమ్మ ఉంటుంది. ముప్పై గంటల పాటు మన పక్కనే కూర్చుని వస్తుంది. చిరిగిన చొక్కా కుట్టి పెడుతుంది, దారి తప్పితే గొణుగుతుంది. ఒకచోట ఉన్నట్టుండి కన్ను మూస్తుంది. ఆట దాని గురించి ఒక్క మాట అనదు. తర్వాత మనం పడవ ఎక్కితే, ఆమె కూర్చునే వైపు బరువు తగ్గి పడవ కాస్త ఒరిగి నడుస్తుంది. దాన్ని సరిచేసుకుంటూ తెడ్డు వేసుకోవలసింది మనమే. అక్కడ రచయిత్రి ఆట ఆపేసి వెక్కి వెక్కి ఏడ్చింది. తను రాసిన మూడు చావుల్లో ఒక్కదానికైనా తన కన్ను చెమ్మగిల్లలేదని అప్పుడు తోచింది.

నిర్మాత పగలబడి నవ్వాడు. పిల్లకాయల బొమ్మలాట చూసొచ్చి నా సీరియల్ ముంచుతారా అన్నాడు. మూలన కూర్చున్న దర్శకుడు మాత్రం, తను ఆ సన్నివేశం రెండుసార్లు చదివానని, రెండోసారి ఇంటికి ఫోన్ చేసి అమ్మతో మాట్లాడానని నెమ్మదిగా చెప్పాడు. దాంతో నిర్మాత నవ్వు ఆగిపోయింది.

"సరే. పెద్దమ్మ ఒప్పుకుంటే తీద్దాం. మీరే వెళ్ళి అడగండి. ఆవిడ కాదంటే రేపటి నుంచి మీరు రానక్కర్లేదు."

అత్త పాత్ర వేసే నటిని అక్కడ అందరూ పెద్దమ్మ అనే పిలుస్తారు. డెబ్బై నాలుగేళ్ళు. తన డైలాగుల్లో రెండు మాటలు కత్తిరించినందుకు ఒక దర్శకుణ్ణి ఇంటికి పంపిన మనిషి. రచయిత్రి తోడు రమ్మన్నట్టు చూస్తే, ఇప్పటి దర్శకుడు కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు.

మేకప్ గదిలో పెద్దమ్మ ముక్కాలి పీట మీద కాళ్ళు చాపుకుని ఒక్కతే ఉంది. కాగితాలు అందుకుని నిదానంగా చదివింది. మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళి ఇంకోసారి చదివింది. రచయిత్రి నిలబడి అద్దం చుట్టూ ఉన్న బల్బులు లెక్కపెడుతూ ఉండిపోయింది.

"మళ్ళీ బతకనా?" అంది పెద్దమ్మ.

"బతకరండి."

"కవల చెల్లెలెవరూ ఊడిపడరా?"

"లేదండి. ఇదే ఆఖరు."

పెద్దమ్మ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "మూడుసార్లు పోయాను. మా ఇంట్లోవాళ్ళు కూడా ఏడవలేదు. ఎప్పుడు తిరిగొస్తావని అడిగారు. ఇన్నాళ్ళకి నాకొక చావు రాశావు. ఎవడు అడ్డొస్తాడో చూస్తాను."

అక్కడికక్కడే నిర్మాతకు ఫోన్ చేసి, వచ్చే వారమే తను పోతున్నానని, ఒక్క కామా కూడా మార్చవద్దని చెప్పి పెట్టేసింది. ఈ పాత్ర పోతే మీకెలాగండీ అని రచయిత్రి నసిగితే, ఆ పిల్ల సగం జడతో తిరగడం ఇంట్లో కూర్చుని చూసుకుంటానంది. ఆ తర్వాత, ఇంతకీ ఇది ఎక్కడ పట్టావని అడిగింది.

గుండెల మీది బరువు దిగిపోయిన సంతోషంలో రచయిత్రి అంతా చెప్పేసింది. జపాన్ ఆట, నది, ముసలమ్మ, ఆవిడ పోయాక ఒరిగి నడిచే పడవ. చెబుతూ చెబుతూ పెద్దమ్మ వైపు చూసింది. అప్పటిదాకా ఉన్న చిరునవ్వు లేదు. మొహం నల్లబడింది. పెదవులు బిగుసుకున్నాయి. బొమ్మలాట నుంచి తెచ్చిన చావని చిన్నతనం అనిపించిందేమో, నోరు జారి చేతికొచ్చింది కాస్తా చెడగొట్టుకున్నానని రచయిత్రి తనను తానే తిట్టుకుంది.

పెద్దమ్మ కుర్చీ పక్కనున్న సంచి ఒళ్ళోకి లాక్కుంది. అందులోంచి రెండు చేతులతో పట్టుకుని ఆడే గేమ్ యంత్రం ఒకటి తీసి, మీట నొక్కి, బల్ల మీద పెట్టింది. తెర వెలిగింది. నది, నదిలో పడవ, పడవలో ఇద్దరు.

"నేనింకా ఇరవై రెండో గంటలోనే ఉన్నానమ్మాయ్," అంది, పడవలోని ముసలమ్మను వేలితో చూపిస్తూ. "ఆవిడ పోతుందని నాకెందుకు చెప్పావు?"